వీడియోలో కుడిచెయ్యి

మా బావ బట్టల దుకాణంలో పనిచేస్తాడు. బావ అంటే మా ఆయనే. మాది మేనరికం. చిన్నప్పటి నుంచి అలవాటైన పిలుపును పెళ్లయ్యాక మార్చుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు. ఆ దుకాణం వరంగల్ పాత బజారులో ఉంది. మీసాలు సరిగ్గా రాని వయసులో అందులో చేరి, తల నెరిసేదాకా అందులోనే ఉండిపోయాడు. అక్కడ పనిలో చేరినవాళ్లకు యజమాని షేటు అన్నిటికంటే ముందు నేర్పే పాఠం ఒకటుంది. గిరాకీ, అంటే కొనడానికి వచ్చిన మనిషి, ఏది అడిగినా ‘లేదు’ అనకూడదు. ఆకుపచ్చ అంచున్న పసుపు చీర కావాలంటే, అలాంటిది దుకాణంలో ఉన్నా లేకపోయినా “ఉన్నదమ్మా, కూసోండ్రి, చూపిస్త” అనాలి. కూర్చున్నాక ఏదో ఒక చీర మడత విప్పాలి. విప్పిన చీర ఒళ్లో పడ్డాక లేచి వెళ్లిపోవడం ఏ ఆడమనిషికీ అంత తేలిక కాదు.

ఈ విద్యలో మా బావను మించినవాడు ఆ బజారులో లేడు. మేడారం జాతర ముందు ఏటూరునాగారం దిక్కు నుంచి కూడా జనం వచ్చి అమ్మవార్లకు పెట్టే చీరలు, జాకెట్ ముక్కలు కొనుక్కుంటారు. వాళ్లలో సగం మంది షేటును చూడరు, “ఆ తెల్లంగి అన్న ఏడి?” అని అడుగుతారు. ఆ తెల్లంగి అన్న ఇంట్లోనూ అంతే. నల్లా బాగు చేయించావా అంటే “అయితది”. గ్యాస్ బుక్ చేశావా అంటే “వస్తది”. నీ నోట్లో దేవుడు ‘లేదు’ అన్న ఆ ఒక్క మాట పెట్టడం మరిచిపోయాడు బావా అని ఎన్నోసార్లు వెక్కిరించాను. దాన్ని కూడా మెచ్చుకోలు కింద తీసుకునేవాడు.

వానాకాలం చివర్లో ఒక పొద్దున, చీర విప్పుతుంటే కుడిచేతిలోంచి అంచు జారిపోయింది. మళ్లీ పట్టుకోబోతే వేళ్లు మాట వినలేదు. అప్పుడు కూడా ఎదురుగా కూర్చున్నామెతో “ఇంకోటి చూపిస్తనమ్మా” అన్నాడట. ఆ మాట ముద్దముద్దగా వచ్చింది. షేటు చూసి, ఇంకెవరినీ అడగకుండా ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకెళ్లాడు. పక్షవాతం. తొందరగా తెచ్చారు కాబట్టి మనిషి దక్కాడన్నారు. ఆ షేటును నేను ఎన్ని విషయాల్లో తిట్టుకున్నా ఈ ఒక్కదానికి మాత్రం చేతులెత్తి మొక్కుతాను.

మాట తిరిగి వచ్చింది. కాలు కొద్దిగా ఈడ్చినా నడక వచ్చింది. కుడిచెయ్యి మాత్రం భుజం నుంచి కింది దాకా ఎవరిదో తెచ్చి తగిలించినట్టు వేలాడింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టర్ నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. మొదటి కొన్ని నెలలే ముఖ్యమట. ఇప్పుడు కసరత్తు సరిగ్గా చేయిస్తే వేళ్లు కదలడానికి అవకాశం ఉంది, ఈ టైం దాటితే తర్వాత ఎంత చేసినా వచ్చేది తక్కువ. షేటు కూడా చూడ్డానికి వచ్చి, “జాతర గిరాకీ దాక నీ జాగ నీదే. చెయ్యి మంచిగ చేస్కొని రా” అన్నాడు. ఆయన మంచిగానే అన్నాడు. కానీ చెయ్యి రాకపోతే ఆ జాగ ఉండదన్న సంగతి ఇద్దరికీ అర్థమైంది.

నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. కాలేజీ వాళ్లు మాకు గ్రూపు హెల్త్ పాలసీ చేయించారు, అది భర్తకు కూడా వర్తిస్తుంది. దవాఖాన ఖర్చు దానితోనే గట్టెక్కింది. ఫిజియోథెరపీ సెంటరుకు పోవాలంటే రెండు ఆటోలు మారాలి, ఆపైన నిటారు మెట్లు. నాకేమో సెలవులు అయిపోయాయి. పాలసీలో వీడియో ద్వారా ఫిజియోథెరపీ కూడా ఉందని, హైదరాబాదు నుంచి నేర్పించేవాళ్లు ఫోన్లో కనబడి చేయిస్తారని దవాఖానలో చెప్పారు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

లైబ్రరీ మనిషిని కదా, అచ్చులో ఉన్నది మొదటి నుంచి చివరి దాకా చదవకపోతే నాకు తోచదు. పాలసీలో ఆ భాగం అంతా చదివాను. కంపెనీ యాప్ లోపలే మాట్లాడాలి. వీడియో ఉండాలి, ఉత్త ఫోన్లో మాట్లాడితే లెక్కలోకి రాదు. రోగి ఒక్కడే తెర మీద కనబడాలి, తానే జవాబు చెప్పాలి. ప్రతి సెషన్ తర్వాత రోగికి ఏమేం చేతనవుతున్నదో, ఏమేం కావడం లేదో నేర్పించేవాళ్లు రికార్డులో రాయాలి. చికిత్స అవసరం ఉందని ఆ రికార్డులో కనబడినంత కాలమే డబ్బు కంపెనీ కడుతుంది. ఆ చివరిది చదివి, న్యాయంగానే ఉంది కదా అనుకున్నాను.

ఇక మా తయారీ గురించి చెప్పాలి. దవాఖానకు పోవడమంటే మా ఇళ్లల్లో పెళ్లికి పోయినంత పని. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా మా అమ్మ మొహం కడుక్కుని, బొట్టు పెట్టుకుని, మంచి చీర కట్టుకుంటేగాని గడప దాటేది కాదు. మాసిన బట్టలతో పోతే డాక్టర్ ఏమనుకుంటాడు? ఈమెను చూసుకునే దిక్కు లేదనుకోడూ? మా బావకు దీనికి తోడు దుకాణం అలవాటు ఒకటి. పొద్దున్నే గడ్డం గీసుకోకుండా, ఇస్త్రీ అంగి వేసుకోకుండా మనిషి కంట పడడు. మరి ఫోన్లో డాక్టరమ్మ కనబడుతుందంటే ఇంటికి వచ్చినట్టే కదా. అందుకని సెషన్ ఉన్న రోజు నేను పొద్దున్నే లేచి ఆయనకు స్నానం చేయించేదాన్ని. గడ్డం గీసేదాన్ని. మెడకు పౌడరు రాసేదాన్ని. తెల్లంగిలో ముందు ఆ రాని చెయ్యి దూర్చి, తర్వాత వచ్చే చెయ్యి దూర్చి, మెడ దాకా గుండీలు పెట్టి, మణికట్టు గుండీలు కూడా పెట్టి, కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టేదాన్ని. ఎదురుగా బియ్యం డబ్బాకు ఫోన్ ఆనించి, నేను వంటింటి గడప దగ్గరికి తప్పుకునేదాన్ని. రోగి ఒక్కడే కనబడాలి కదా, నియమం.

నేర్పించే అమ్మాయి చిన్నది, మెత్తగా మాట్లాడేది. మా బావను అంకుల్ అనేది. మా బావకు ఆ పిల్ల తెగ నచ్చింది.

“అంకుల్, చెయ్యి పైకి లేస్తోందా?”

“లేస్తాంది బిడ్డా.”

లేస్తోంది నిజమే. భుజం మీద వేసుకున్న తువాలు కింది నుంచి ఎడమచెయ్యి మోచేతిని ఎత్తుతోంది. అది గడప దగ్గరున్న నాకు కనబడుతుంది, ఫోన్‌కు కనబడదు.

“షర్టు మీరే వేసుకుంటున్నారా అంకుల్?”

మా బావ ఒకసారి తలవంచి తన అంగిని చూసుకున్నాడు. వరసగా గుండీలు, ఒక్కటీ తప్పలేదు. “ఏసుకున్న గద బిడ్డా” అన్నాడు.

“వెరీ గుడ్! అన్నం కుడిచేత్తోనే తింటున్నారా?”

“తినకుంటె ఎట్లనమ్మా.”

ఆ పిల్ల మొహం వెలిగిపోయేది. దాన్ని చూసి ఈయన మొహం వెలిగిపోయేది. మంచి గిరాకీ కుదిరిన రోజు ఇంటికొచ్చినప్పుడు ఉండే మొహం అది. కసరత్తు మాత్రం ఒళ్లు దాచుకోకుండా చేసేవాడు. స్పాంజి బంతి నొక్కడం, బల్ల మీద తువాలును వేళ్లతో దగ్గరికి లాగడం, ఆ పిల్ల చెప్పినవన్నీ చేసేవాడు. బొటనవేలు కొంచెం కదిలింది కూడా. చూపుడువేలు వంగడం మొదలైంది. ఆ రోజు నేను కాలేజీలో అందరికీ పల్లీపట్టీలు పంచాను.

ఒకరోజు కాల్ అయిపోయాక అడిగాను. “అట్లెందుకు చెప్తవ్ బావా? అంగి నువ్వెప్పుడు ఏసుకున్నవ్?”

“ఆ పిల్ల గంత కష్టపడి నేర్పుతాంది. రాలేదంటె మనసు నొచ్చుకోదా?” అన్నాడు.

నేనేమనగలను? పరాయివాళ్ల ముందు భర్త మాట తీసేసే అలవాటు మా ఇంట్లో లేదు. అలా తీసేస్తే బాగుండేది అని ఈ రోజుకీ అనుకోను. ఆయన పరువు కూడా నేను కాపాడుకోవలసిన వస్తువుల్లో ఒకటి. అదీగాక ఆ పిల్ల మెచ్చుకున్న రోజు ఈయన రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు.

అలా నడుస్తుండగా ఒక మధ్యాహ్నం, కౌంటరు దగ్గర పిల్లలకు పుస్తకాలు ఇస్తుంటే ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. రోగి రోజువారీ పనులు స్వతంత్రంగా చేసుకుంటున్నట్టు రికార్డుల్లో ఉన్నందున, వీడియో ఫిజియోథెరపీకి ఇక చెల్లింపు ఉండదని దాని సారాంశం. రెండోసారి చదివాను. స్వతంత్రంగానట! పొద్దున్నే ఆయన చెప్పులు కూడా నేనే తొడిగి వచ్చాను. కౌంటరు పక్కామెకు అప్పజెప్పి, లైబ్రరీ మెట్ల మీదికొచ్చి కంపెనీకి ఫోన్ చేశాను.

ఎత్తినవాడు మంచిగానే మాట్లాడాడు. వాడి మంచితనం నాకు ఇంకా కోపం తెప్పించింది.

“మేడం, నేను రికార్డు చదువుతాను వినండి. చెయ్యి భుజం పైకి ఎత్తుతున్నారు. షర్టు తానే వేసుకుంటున్నారు, గుండీలన్నీ సరిగ్గా ఉన్నాయి. గడ్డం శుభ్రంగా ఉంది. కుడిచేత్తో తింటున్నారు.”

“ఆ గడ్డం నేను గీసిన.”

“మేడం...”

“ఆ గుండీలు నేను పెట్టిన. అన్నం నేను కలిపి నోట్లె పెట్టిన. మా ఇంటాయనను నేను శుభ్రంగ ఉంచుకుంటె మీ పాలసీకి నొప్పి లేసిందా?”

అతని గొంతు మారింది, పుస్తకంలోంచి దిగి మామూలు మాటలోకి వచ్చింది.

“మా అమ్మ గూడ గంతే మేడం. ఇంట్ల ఉన్నంత సేపు మోకాళ్లు మోకాళ్లని మొత్తుకుంటది. డాక్టర్ ముందట కూసుంటె ఏం నొప్పి లేదు సారు అంటది. కానీ మేం ఏం చెయ్యాలె చెప్పుండ్రి, మాకు రికార్డుల ఉన్నదే కనబడుతది.”

దారి ఒకటి ఉందని అతనే చెప్పాడు. మళ్లీ పరీక్ష చేయమని అడగొచ్చు. అప్పుడు వేరే డాక్టర్ వీడియోలో చూస్తాడు. అంతా రికార్డు అవుతుంది. రోగి ఒక్కడే తెర మీద ఉండాలి. పక్కనున్నవాళ్లు సాయం పట్టినా, మాట అందించినా ఆ పరీక్ష చెల్లదు. ఒక్కసారే అవకాశం. ఆ డాక్టర్ కూడా బాగానే ఉన్నాడని రాస్తే ఇక అంతే. ఆ సెషన్లు మా డబ్బుతో చేయించుకునే తాహతు మాకు లేదు. సెంటరుకు తిప్పుదామంటే నా ఉద్యోగం పోతుంది, అది పోతే పాలసీయే పోతుంది. జాతర దగ్గర పడుతోంది. డాక్టర్ చెప్పిన మొదటి నెలలు చూస్తుండగానే కరిగిపోతున్నాయి.

మళ్లీ పరీక్ష చేయమని అప్పుడే అడిగేసి, సాయంత్రం ఇంటికొచ్చి చెప్పాను. మా బావ అంతా విన్నాడు.

“నేను అబద్ధం చెప్పలే గద” అన్నాడు.

“నువ్వు చెప్పలే. నీ అంగి చెప్పింది.”

నా ఆలోచన నేను చెప్పాను. పరీక్ష రోజు గడ్డం గీయను, స్నానం వద్దు, బనీను లుంగీలో కూర్చో, చూసిన డాక్టర్‌కు వెంటనే అర్థమవుతుంది అన్నాను. మా బావకు ఎప్పుడూ రానంత కోపం వచ్చింది.

“గట్ల నేను కనబడ. అడుక్కున్నట్టుంటది.”

“నీకు చెయ్యి ముఖ్యమా, ఇస్త్రీ ముఖ్యమా?”

“నాకు రెండు ముఖ్యమే.”

కంచం ముందు నుంచి లేచిపోయాడు. నేను కూడా పలకరించలేదు. నాకు కోపం వస్తే వంటింట్లో గిన్నెలు మాట్లాడతాయి, ఆ రోజు బాగా మాట్లాడాయి. గిన్నెలు తోముతూ తోముతూ ఆలోచించాను. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? మనిషి శుభ్రంగా ఉండడం అబద్ధం కాదు. జబ్బు చేసినవాడు మురికిగా కనబడితేనే జబ్బని నమ్ముతామంటే అదేం లోకం? చెయ్యి తుడుచుకుని వచ్చి ఆయన పక్కన కూర్చున్నాను.

“సరే. తానం చేపిస్త, గడ్డం గీస్త, తెల్లంగి తొడుగుత. గుండీలు మాత్రం పెట్ట. డాక్టర్ ముందట నువ్వే పెట్టుకోవాలె.”

“రాకపోతె?”

“రాకపోతె రాదని చెప్పు.”

నా మొహంలోకి చూశాడు. “ఎట్ల చెప్పుడే?” అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. కొత్త ఫోన్ ఎలా వాడాలో అడిగినట్టు అడిగాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇక ఆ రోజు నుంచి మా ఇంట్లో ‘రాదు’ అనడం నేర్చుకునే కసరత్తు మొదలైంది. నేను డాక్టర్‌ను, ఆయన రోగి. “కుడిచేత్తోటి గిలాస లేపుతరా?” అని గొంతు మార్చి అడుగుతాను. “లేపుత సార్” అని తడుముకోకుండా వస్తుంది జవాబు. బావా! అని కసురుతాను. “లేపరాదు సార్... జర టైమిస్తె లేపుత” అంటాడు. టైము సంగతి నిన్నెవరు అడిగారని మళ్లీ మొదలు. ఒకసారి మధ్యలో “నెమలి కంఠం రంగు చీర ఉందా?” అని అడిగేశాను. “ఉన్నదమ్మా, కూసోండ్రి” అన్నాడు కళ్లు మెరుస్తుండగా. ఇద్దరం పడీపడీ నవ్వాం. జబ్బు చేశాక అంత నవ్వడం అదే మొదలు. కానీ నవ్వు ఆగాక నాకు భయం పట్టుకుంది. ఈ మనిషి ఆ రోజు కూడా ఇలాగే అంటాడు, చేతికున్న ఒక్క అవకాశం పోతుంది.

పరీక్ష రోజు వచ్చింది. చెప్పినట్టే అన్నీ చేసి, అంగి తొడిగి, గుండీలు వదిలేశాను. నా చేతులు అలవాటుగా మెడ దగ్గరికి పోబోతే వెనక్కి లాక్కున్నాను. ఫోన్ ఆనించి, గడప మీద కూర్చున్నాను.

తెర మీద డాక్టర్ కనబడ్డాడు. పెద్దాయన, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు, నలిగిన చొక్కా. మాట వింటే మన దిక్కువాడే అని తెలిసిపోయింది.

“పక్కన ఎవరన్న ఉన్నరా?”

“నా భార్య ఉన్నది సార్, గడప కాడ.”

“అమ్మా, మీరు ఆడనే కూసోండ్రి. ఏమైనా సరే ఇటు రావద్దు, మాట అందియ్యద్దు. మీరు కెమెరాల కనబడితె దీన్ని నేను రద్దు చెయ్యాల్సి వస్తది.”

సరే అన్నాను. చెయ్యి ఎత్తమన్నాడు. మా బావ “ఎత్తుత సార్” అన్నాడు. తువాలు కింద ఎడమచెయ్యి కదలడం చూశాను.

“ఆ తువాలు తీసి పక్కన పెట్టుండ్రి. ఎడమ చెయ్యి తొడ మీద పెట్టుండ్రి. ఆ, ఇప్పుడు.”

చెయ్యి ఛాతీ దాకా లేచి, వణికి, పడిపోయింది. “జర ఆగి చేస్తె వస్తది సార్” అన్నాడు మా బావ. గొంతులో దుకాణం నవ్వు ఉంది.

డాక్టర్ కళ్లద్దాలు సర్దుకున్నాడు. “ఏం పని చేస్తరు మీరు?”

“బట్టల దుకాణంల సార్. పాత బజార్ల.”

“శాన ఏండ్ల సందా?”

“చిన్నప్పటి సంది సార్.”

“అదీ సంగతి” అని నవ్వాడు డాక్టర్. “మా ఇంటామె తోటి నేను గూడ పోత బట్టల దుకాణాలకు. లేదు అన్నోణ్ణి ఇంతవరకు చూడలే. అన్నా, నేను గిరాకీని కాదు. నాకు ఏం చూపియ్యకు, ఏం అమ్మకు. ఉన్నదే చెప్పు. ఆ అంగికి గుండీ పెట్టుకో.”

మా బావ నవ్వు ఆగిపోయింది. కుడిచెయ్యిని పైకి తెచ్చాడు. బొటనవేలు గుండీని తాకింది, జారింది. మళ్లీ తాకింది. చూపుడువేలు వంగింది గాని గుండీ వైపు కాదు, ఎటో వంగింది. బట్ట ముద్దయింది. వీధిలో కూరగాయలామె కేక వేసుకుంటూ వచ్చి, మా గుమ్మం ముందు ఆగి, మళ్లీ వెళ్లిపోయింది. ఈయన ఇంకా ఆ మొదటి గుండీ దగ్గరే ఉన్నాడు. నుదుటి మీద చెమట పట్టింది, ఇప్పుడే గీసిన చెంప మీదికి కారింది. డాక్టర్ ఏమీ అనడం లేదు, చాలు అని కూడా అనడం లేదు. నా ఒళ్లో నా వేళ్లు వాటంతటవే గుండీ పెడుతున్నాయి. వాటిని కొంగులో చుట్టేసుకున్నాను. రోజూ రెప్పపాటులో నేను చేసేసే పని అది. ఆ పని ఇంత పెద్దదని ఆ గడప మీద కూర్చున్నప్పుడే చూశాను.

చెయ్యి ఒళ్లో పడిపోయింది.

“రాదు సార్” అన్నాడు మా బావ.

పెళ్లికి ముందు నుంచీ ఎరిగిన గొంతు నాకు కొత్తగా వినబడింది.

“మంచిది” అన్నాడు డాక్టర్ మెల్లగా. “ఇంక ఏమేం రాదు?”

అంతే, ఇక ఆగలేదు. అన్నం ముద్ద కట్టరాదు, మా ఆమే కలిపి పెడుతుంది అన్నాడు. గిలాస పట్టరాదు. కత్తెర పట్టరాదు. చీర అంచు పట్టి విదిలించరాదు. అది రాకపోతే దుకాణంలో నేనెందుకు సార్, షేటు మంచోడే గాని ఎన్ని రోజులు చూస్తడు, భయమైతాంది సార్ అన్నాడు. భయం అన్న మాట ఆయన నోట వినడం నాకు అదే మొదటిసారి. మిగిలినవన్నీ నాకు తెలిసినవే, వాటన్నిటికీ నా చెయ్యి అడ్డం పెడుతూ వచ్చినదాన్ని నేనే.

డాక్టర్ రాసుకుంటూ అడిగాడు. “ఆ చేతికి స్పర్శ ఎట్లున్నది? ఏదన్న ముట్టుకుంటె తెలుస్తాందా?”

మా బావ తల దించుకున్నాడు. గడప వైపు ఒకసారి చూసి, చూపు తిప్పేసుకున్నాడు.

“తెల్వదు సార్.”

“వేడి, సల్ల?”

“ఏం తెల్వదు.”

“ఎప్పటి సంది?”

“మొదటి సంది సార్.”

“ఎవ్వరికి చెప్పలేదా?”

“చెప్పలే.” ఒళ్లో ఉన్న కుడిచెయ్యిని చూసుకున్నాడు. “మా ఆమె కాలేజి నుంచి రాంగనే ఈ చెయ్యి పట్టుకొని కూసుంటది సార్. అన్ని ముచ్చట్లు చెప్తది. అది పట్టుకున్నదా, ఇడిసిపెట్టిందా, చూస్తెనే తెలుస్తది.”

నిజమే. సాయంత్రం రాగానే టీ పెట్టుకుని, ఆ చెయ్యి నా రెండు చేతుల్లోకి తీసుకుని నూనె రాసి వేళ్లు ఒక్కొక్కటే నిమురుతూ కూర్చునేదాన్ని. కాలేజీ సంగతులన్నీ చెప్పేదాన్ని. ఆయన ఆ చెయ్యినే చూస్తూ వినేవాడు. నేను రాసే నూనె ఆయనకు హాయిగా ఉందనుకునేదాన్ని.

లేచి పోవాలనిపించింది. నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. కానీ నేను కనబడితే అంతా రద్దు. ఆ నియమం రాసిన మహానుభావుడెవరో గాని, వాణ్ణి మనసులో కసితీరా తిట్టి, కొంగు నోట్లో కుక్కుకుని అక్కడే కూర్చున్నాను. కదిలితే ఆయన చెప్పిన ‘రాదు’ కూడా గంగలో కలిసిపోతుంది.

“ఈ మాట ముందే రికార్డుల ఉంటె ఇదంత లేకుండె అన్నా” అంటున్నాడు డాక్టర్. “స్పర్శకు వేరే కసరత్తు ఉంటది, అది మొదలే కాలేదు. నేను రాస్తాన, సెషన్లు మళ్ల మొదలైతయి. పూర్తిగ వస్తదని మాటియ్య. చేసి చూద్దాం.”

“సరే సార్” అన్నాడు మా బావ. తర్వాత, గిరాకీని సాగనంపే అలవాటు ఎక్కడికి పోతుంది, “మీరు పైలం సార్” అన్నాడు.

తెర నల్లబడ్డాక లేచాను. కాలు తిమ్మిరెక్కి గోడ పట్టుకుని నడవాల్సి వచ్చింది. సెషన్లు వచ్చాయన్న సంతోషం ఎక్కడో ఉంది గాని, ముందు కోపమే వచ్చింది.

“ఇన్ని రోజులు నాకెందుకు చెప్పలే బావా? డాక్టర్‌కు చెప్పినవ్, నాకు చెప్పరాదా?”

ఆయన విప్పి ఉన్న అంగిని ఎడమచేత్తో దగ్గరికి లాక్కున్నాడు.

“చెప్తె, నువ్వు పట్టుకునుడు బంద్ చేస్తవనుకున్న” అన్నాడు.

పీట లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఆ కుడిచెయ్యిని నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను.

“ఇటు చూడు” అన్నాను.